ఒక చేతికి సరిపోయిన చాకు

ఉదయలక్ష్మి పళ్లతో చాకు తెరుస్తుండగా సూపర్‌వైజర్ కార్మెలా చూసింది.

మెల్‌బోర్న్ శివారు వెర్రిబీకి దక్షిణాన, కాలీఫ్లవర్ పొలాలను ఆనుకొని ఉన్న ఒక మొక్కల నర్సరీలో ఉదయలక్ష్మి ఆరేళ్లుగా పనిచేస్తోంది. రేపల్లెలో బోటనీ చదివి, పెళ్లయ్యాక భర్త ద్వారకానాథ్ వెంట మెల్‌బోర్న్ వచ్చింది. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కూతురు అనన్య పదకొండో క్లాసు. ఇంట్లో ముగ్గురిలోకి గోళ్లలో మట్టితో తిరిగొచ్చేది తనొక్కతేనని ఆమె కాస్త గర్వంగానే చెప్పుకునేది.

ఆమెది తీగమొక్కల దగ్గర పని. కుండీల్లో ఎదిగే మల్లెతీగలను వెదురుపుల్లలకు ఆనించి, సాగే టేపుతో కట్టి, టేపు కోసి పక్క మొక్కకు వెళ్లాలి. తెరిచిన చాకు పట్టుకుని వరుసల మధ్య నడవకూడదన్నది అక్కడి నియమం. కాబట్టి ప్రతి మొక్క దగ్గరా చాకు తీయాలి, కోయాలి, మూసి జేబులో వేసుకోవాలి. రోజుకు కొన్ని వందలసార్లు.

జూన్‌లో తడి సిమెంటు మీద జారి పడితే ఎడమ మణికట్టు విరిగింది. ఆపరేషన్ తర్వాత ఎముక అతుక్కుంది గానీ బొటనవేలికీ చూపుడువేలికీ పట్టు రాలేదు. అరచేత్తో మొక్కను పుల్లకు అదిమి పట్టుకోగలదు. మడతచాకు గాడిలో గోరు దూర్చి బ్లేడు లాగడం మాత్రం కుదరలేదు. కత్తెరతో ప్రయత్నిస్తే సాగే టేపు తెగకుండా దాని మధ్య మడతపడింది. అక్టోబరులో మళ్లీ పనిలో చేరిన రెండో రోజే ఆమె పళ్లను వాడడం మొదలుపెట్టింది.

కార్మెలా కేకలు వేయలేదు. చాకు ఇమ్మని చెయ్యి చాపింది. ఆ మధ్యాహ్నం నుంచి షెడ్డులో కూర్చుని కుండీలకు లేబుళ్లు అంటించమంది.

ద్వారకానాథ్‌కు ఆ మార్పు బాగానే అనిపించింది. ఎండా వానా లేదు, నడుము వంచక్కర్లేదు, హాయిగా కూర్చుని చేసే పని అన్నాడు. ఆమె వారం రోజులు లేబుళ్లు అంటించింది. ఎనిమిదో రోజు అన్నం వడ్డిస్తూ అంది.

"మొక్క పేరు అంటించడానికి మొక్కతో పనేం ఉందండీ? నేను ఆ వరుసల్లోకి వెళ్లాలి."

 ఆ రాత్రే ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక చాకు వెతికి పట్టాడు. మీట నొక్కితే చాలు, బ్లేడు చటుక్కున బయటికొస్తుంది. భార్యకు చూపించేలోపే వెనకనుంచి అనన్య తొంగి చూసింది.

"నాన్నా, దట్స్ ఎ ఫ్లిక్ నైఫ్. ఇల్లీగల్ హియర్."

ఇక్కడ అలాంటివి నిషేధమనీ, తెప్పిస్తే కస్టమ్స్‌లోనే పట్టుకుంటారనీ ఆ పిల్ల ఫోనులో వెతికి చూపించింది. ద్వారకానాథ్ ల్యాప్‌టాప్ మూసి, శనివారం కొట్టుకే వెళ్దామన్నాడు.

ఊళ్లో రైతు సామాన్లు, క్యాంపింగ్ సామాన్లు అమ్మే కొట్టు ఒకటుంది. అక్కడి పెద్దాయన ఆమె ఎడమచేతి మీది కుట్ల గీతను చూశాడు గానీ దాని గురించి అడగలేదు. ఏం పనికి అని మాత్రం అడిగాడు. ఆమె చెప్పింది విని, నల్లటి గుడ్డ పరిచి మూడు చాకులు పెట్టాడు. పనికోసం వాడుకోవచ్చు గానీ ఊరికే జేబులో వేసుకుని బజారులో తిరగకూడదని, పని అయ్యాక లాకర్‌లో పెట్టేయమని ముందే చెప్పాడు.

మొదటిది వెనకున్న చిన్న రెక్కను వేలితో నొక్కగానే టక్కుమని తెరుచుకుంది. ద్వారకానాథ్ ముఖం వెలిగింది. ఇదే తీసుకో అన్నాడు. కానీ ఆ కుదుపుకు ఆమె పిడి దాదాపు వదిలేసింది. మొక్క మీదికి వంగి ఉన్నప్పుడు ఇలా అదిరితే లేత కొమ్మ తెగుతుందని భర్తకు మెల్లగా చెప్పింది.

రెండోదానికి బ్లేడు పక్కన చిన్న బొడిపె ఉంది. బొటనవేలితో సులువుగానే తెరిచింది. ఆ తర్వాత సంచిలోంచి తన పని గ్లవ్స్ తీసి, కుడిచేతిది పళ్లతో లాగి తొడుక్కుని మళ్లీ ప్రయత్నించింది. బొడిపె వేలికి అందలేదు.

మూడోదానికి బ్లేడులో గుండ్రటి పెద్ద రంధ్రం. గ్లవ్ ఉన్నా బొటనవేలు అందులో సరిగ్గా కూర్చుంది. అయితే మూయబోతే, తెరిచిన బ్లేడును బిగించి ఉంచే తాళం విడిపించడానికి బొటనవేలిని బ్లేడు వచ్చే దారిలోనే పెట్టాల్సి వచ్చింది. ఆమె అక్కడే ఆగి చాకును కాసేపు చూసింది. ఇన్నాళ్లూ తెరవడం గురించే ఆలోచించింది. రోజుకు ఎన్నిసార్లు తెరుస్తుందో అన్నిసార్లూ మూయాలి కదా.

ఆ మాట తనకు వచ్చిన ఇంగ్లీషులో పెద్దాయనకు చెప్పింది. ఆయన తలూపి, మొదట పెట్టినవి పక్కకు జరిపి, లోపలికి వెళ్లి ఇంకొకటి తెచ్చాడు. దీనికీ అదే పెద్ద రంధ్రం ఉంది. తాళం మాత్రం పిడికి పైన అడ్డంగా ఉన్న చిన్న కడ్డీ. దాన్ని వెనక్కి లాగి మణికట్టు కొంచెం ఆడిస్తే బ్లేడు వేళ్లకు తగలకుండా మడతపడింది. ఆమె ఇరవైసార్లు తెరిచి మూసింది. గ్లవ్ తడిపి ఇంకో పదిసార్లు చేసింది. పెద్దాయన స్టూలు లాక్కుని కూర్చుని ఓపిగ్గా చూశాడు.

"మొదటిది ఇంకా స్పీడు కదా," అన్నాడు ద్వారకానాథ్.

"స్పీడు నాకొద్దండీ. చెయ్యి చూడకుండా చేయగలగాలి. కళ్లు మొక్క మీద ఉండాలి."

సోమవారం ఆమె లేబుళ్ల బల్ల దగ్గరికి వెళ్లలేదు. కార్మెలా ముందు చాకు పెట్టి, ఒక్క వరుస ఇచ్చి చూడమని అడిగింది. కార్మెలా చాకును తెరిచి, మూసి చూసింది. తర్వాత అరవై కుండీల వరుస ఒకటి చూపించి, తనూ పక్కనే నిలబడింది.

పదో మొక్క వరకు ఉదయలక్ష్మి చాకునే చూసుకుంటూ పనిచేసింది. రెండుసార్లు టేపు జారిపోయింది. ఇరవై దాటాక తీగ కొసలు కనిపించడం మొదలైంది. ఏది ఎటు పాకాలనుకుంటోందో, ఎక్కడ కట్టు వదులుగా ఉండాలో కనిపించింది. పక్క వరుసలోని మనిషి ముగించి టీకి వెళ్లిపోయినా ఆమె తొందరపడలేదు. అరవయ్యోది కట్టేసరికి చాలాసేపు పట్టింది. ఒక్క కొమ్మా విరగలేదు.

కార్మెలా వరుస పొడుగునా నడిచి కట్లు వేలితో కదిపి చూసింది. ఉదయం పూట తీగలు, మధ్యాహ్నం చెయ్యి అలిసిపోయాక లేబుళ్లు అంది. రోజంతా కావాలని అడగాలనుకుంది ఉదయలక్ష్మి. కానీ ఎడమచెయ్యి అప్పటికే సలుపుతోంది. సరేనంది.

ఇంటికెళ్లి ఈ సంగతి చెప్పింది. ద్వారకానాథ్ ఫిజియో చెప్పిన నూనె వెచ్చబెట్టి, రోజూ ఆమె చేసుకునే మర్దన ఆ పూట తనే చేశాడు.

రెండు వారాలయ్యాక కార్మెలా షెడ్డులో ఆమె పక్కన కూర్చుని, ఆ చాకు ఎక్కడ కొన్నావని అడిగింది. ఎనభై దాటిన వాళ్ల నాన్నకు కీళ్లవాతమట. పెరట్లో ద్రాక్షపందిరి తనే కట్టుకుంటానని పట్టుబడుతున్నాడట. కొట్టు పేరు కాగితం మీద రాసివ్వబోయి ఉదయలక్ష్మి ఆగింది.

"ఆయన చేత పట్టించి చూడాలి. శనివారం కొట్టుకు తీసుకురండి, నేనూ వస్తాను," అంది.