దీవి కొండ మీద మా పెద్దమ్మ

పోయిన శుక్రవారం సాయంత్రం తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు. వాడు మా పెద్దమ్మ కొడుకు. కళ్ళంలో తాలు మిరపకాయలు ఏరుతూ ఏరుతూ, "కాస్త నడుం వాలుస్తా" అని పందిరి కింద పడుకుందట. మళ్ళీ లేవలేదు. నేను వెళ్ళేసరికి పాదాలకు పసుపు రాసి ఉంచారు. ఆ పాదాలు చూశాక నాకు ఏడుపు ఆగలేదు.

మాది ప్రత్తిపాడు దగ్గర ఊరు. ఎటు తిరిగినా పత్తి, మిరప. కొండ చూడాలంటే బస్సెక్కాలి. అలాంటి ఊళ్ళో పుట్టి, అలాంటి ఊరికే కోడలై వెళ్ళిన మా పెద్దమ్మకు కొండల పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ తెలియదు. ఏటా ఆఖరి కోత కాయలు గుంటూరు యార్డుకు వెళ్ళగానే, వీలైనవాళ్ళని జీపెక్కించి సాగర్ తీసుకెళ్ళేది. అక్కడ నీళ్ళ మధ్య దీవిలా మిగిలిపోయిన ఒక కొండ ఉంది. చేపలవాళ్ళ పడవలో తప్ప చేరుకోలేం. పైనంతా సన్నటి రాతి వరస, రెండు పక్కలా నిట్టనిలువు, అడుగున నీళ్ళు.

"అక్కడ ఏ దేవుడున్నాడని?" అని పెదనాన్న సణిగేవారు.

"దేవుడు లేడు, గాలుంది. ఏడాదంతా కాయల ఘాటుకి ముక్కు మండిపోయింది. ఒక్కరోజు గాలి పీల్చుకు రానీవయ్యా" అనేది.

కొండెక్కేటప్పుడు చెప్పులు విప్పేసేది. మాట్లాడేది కాదు. వెనకబడిన వాళ్ళకి మాత్రం, "అలుపొస్తే కూచో. సిగ్గుపడి నడవమాక" అని చెప్పేది. ఉద్యోగంలో చేరాక ఆ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది. పైకి చేరాక పెరుగన్నం ముద్దలు చేతుల్లో పెట్టి, తను మాత్రం చాలాసేపు నీళ్ళకేసి చూస్తూ కూర్చునేది.

ఈ మనిషిని నేను బతికున్నంత కాలం ఎందుకు తలుచుకుంటానో మీకు చెప్పాలి. ఇంకా ఇళ్ళల్లోకి సెల్‌ఫోన్లు రాని రోజులు. నా డిగ్రీ పరీక్షలైపోయిన ఏడు. మిగతావాళ్ళు ఒడ్డునే ఉండిపోతే మేమిద్దరమే పైకి వెళ్ళాం. "మధ్యాహ్నం దాటితే గాలి లేస్తది. అప్పుడు పడవ తిప్పలేను, తొరగా దిగండమ్మా" అని పడవాయన ముందే హెచ్చరించాడు.

ఎక్కేటప్పుడు ఏమీ అనిపించలేదు. దిగేటప్పుడు, దారి బాగా సన్నబడిన చోట, కిందికి చూశాను. అంతే, అక్కడే కూలబడ్డాను. నీళ్ళ మీద అలలు అప్పటికే లేస్తున్నాయి. కింద పడవాయన కేకలు పెడుతున్నాడు.

"లే అమ్మాయ్."

"నా వల్ల కాదు పెద్దమ్మా. పడిపోతాను."

"మన చేలో గట్టు ఇంతకన్నా వెడల్పా ఏంది? గడ్డిమోపు నెత్తినెట్టుకుని పరిగెత్తేదానివిగా!"

"అక్కడ పడితే బురద. ఇక్కడ పడితే శవం కూడా దొరకదు."

ఆమె నవ్వలేదు, కసరలేదు. నెత్తి మీది అన్నం గిన్నెల మూట దించింది. ఆ మూటను ఆమె ఏనాడూ ఎవరికీ ఇచ్చేది కాదు. మగపిల్లలు మోస్తామన్నా "మీరు ఒలకబోస్తారు" అనేది. ఆ రోజు తువ్వాలుతో చుట్టకుదురు చేసి నా తల మీద పెట్టి, దాని మీద మూట పెట్టింది.

"పడితే గిన్నెలు పోతాయి. మెడ వంచమాక. ఎదురుగా ఆ బండని చూసుకుంటా నడువు."

నెత్తిన బరువుంటే మా వైపు ఆడవాళ్ళు కిందికి చూడరు. మెడ దానంతటదే నిలబడుతుంది. కాళ్ళే దారి వెతుక్కుంటాయి. లేచాను, నడిచాను. గాలి తోసినా మూట కదలనివ్వలేదు. అవతలి బండ మీద మూట దించి, బతికిపోయానని ఊపిరి పీల్చుకుని, వెనక్కి తిరిగాను.

పెద్దమ్మ నిలబడి లేదు. చీర మోకాళ్ళ పైకి ఎగదోపుకుని, చేతులూ మోకాళ్ళూ రాతికి ఆనించి పాకుతూ వస్తోంది. మొహం పాలిపోయింది. ఇన్నేళ్ళూ ఆ మూట ఎవరికీ ఎందుకివ్వలేదో నాకప్పుడు తెలిసింది.

"అటు తిరగవే, నన్ను చూడమాక" అంది.

నేను తిరగలేదు. చేయి చాచి కూర్చున్నాను. ఆమె పమిట చెంగు గాలికి నీళ్ళ మీదికి లేచి రెపరెపలాడుతోంది. ఆమె మాత్రం గోళ్ళతో రాతిని పట్టుకుని, ఒక్కో జానెడు నా వైపు జరుగుతోంది.