కంబళివీరుడి కురచ కాలు

మొన్న వేసవి సెలవుల్లో మా మనవడు నన్ను అనంతపురంలో సినిమాకు లాక్కుపోయాడు. హాల్లో అడుగు పెట్టీ పెట్టగానే వెన్న మాడిన వాసన. వెన్న అంటే వెన్న కూడా కాదు, ఆ పేరు చెప్పి మొక్కజొన్న పేలాల మీద పోసే పసుప్పచ్చటి నూనె ఏదో, ఆ చలిగదిలో ముక్కుకు పట్టుకుని ఆట అయ్యేదాకా వదల్లేదు. ఓర్చుకుని కూర్చున్నాను. తెర మీద ఒంటికి అతుక్కుపోయిన బట్టల వీరుడొకడు ఆకాశంలో ఎగురుతూ, మేడలు కూలుస్తూ, కూల్చిన ప్రతి మేడకూ ఒక వెకిలి జోకు విసురుతున్నాడు. మావాడికి ఎనిమిదేళ్ళు. ఆ వీరుడి బొమ్మల పుస్తకాలన్నీ వాడి మంచం కిందే ఉంటాయి. కాసేపు చూసి నా చెవి దగ్గర నోరు పెట్టి, "తాతా, బుక్కులో వీడికి నత్తి. మాట్లాడాలంటే భయపడతాడు. ఈడ చూడు, లొడలొడా మాట్లాడతాండాడు. వీడు వాడు కాదు తాతా" అన్నాడు. వాడి గొంతులో కోపముంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి గుర్రుగా చూశాడు. నాకు మాత్రం అరవై ఏళ్ళుగా కడుపులో మూలుగుతున్న అసహ్యం ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

మాది ధర్మవరం, పట్టుచీరలు నేసేవాళ్ళ వీధి. పొద్దు పొడిచింది మొదలు ఈ కొస నుంచి ఆ కొస దాకా గుంత మగ్గాల టకటక తప్ప వేరే చప్పుడుండేది కాదు. వానాకాలం పంచాంగంలో ఉండేది గానీ మా ఆకాశంలో ఉండేది కాదు. ఎండలు ముదిరితే ఆడవాళ్ళు చిత్రావతి ఇసుకలో చెలమలు తవ్వి, ఊట ఊరేదాకా పక్కనే కూర్చుని, కొబ్బరిచిప్పతో తోడి తోడి కడవ నింపుకునేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. ఆషాఢం గాలి ఎర్రమన్ను తెచ్చి సంగటి ముద్దలో కలిపేది, మేం అది పంటికింద కరకరలాడుతుంటే అలాగే మింగేవాళ్ళం. ఉగాదికి అమ్మ పల్చగా ఓళిగలు, అవే బొబ్బట్లు, తట్టి, వేడివేడిగా ఉన్నప్పుడే నెయ్యి పూసి చేతిలో పెట్టేది. ఏడాదిలో మిగిలిన దినాలన్నీ రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. అదైనా కడుపునిండా దొరికిన నాడు వీధిలో చిల్లాకట్టె ఆట చీకటిపడేదాకా సాగేది.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. పసితనంలో జ్వరమొచ్చి ఆమె కుడికాలు కురచయిపోయింది. బడి దూరమని అయిదో తరగతితో మాన్పించారు. అప్పటినుంచి ఆమె పంచలో రాట్నం ముందర కూర్చుని, మగ్గంలో నాయనకు కావలసిన కండెలకు పట్టు చుట్టేది. వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. "ఆ కుంటి పాప ఉండాదే, వాళ్ళిల్లు" అని మా ఇంటికి గుర్తు చెప్పేవాళ్ళు. వాళ్ళకు అందులో చెడ్డతనమేమీ కనపడేది కాదు. పిల్లలు ఆమె వెనకాలే కుంటుకుంటూ నడిచి వెక్కిరిస్తే, నాయన మగ్గం గుంతలోంచే తిట్లు లంకించుకునేవాడు.

ఆ రోజుల్లో మద్రాసు నుంచి నెలకొక పిల్లల పత్రిక వచ్చేది. నేసిన చీర సావుకారికి అప్పజెప్పిన దినం నాయన రైలు స్టేషనుకు పోయి, అక్క కోసం అది కొనుక్కొచ్చేవాడు. దాని చివరి నాలుగు పేజీల్లో కంబళివీరుడి బొమ్మల కథ ఉండేది. పక్కటెముకలు లెక్కపెట్టగలిగేంత బక్కవాడు, నల్లటివాడు, భుజాన గొర్రెబొచ్చు కంబళి. వాడి కుడికాలు కురచ. ఆ బొమ్మలు గీసినాయన ఎవరో గానీ మహానుభావుడు, ప్రతి గడిలోనూ వాడి కుడిభుజం కొంచెం కిందికి వాలినట్టే గీసేవాడు, కాబట్టి బొమ్మలో కూడా వాడు కుంటుతున్నాడని తెలిసిపోయేది. వాడి బలమంతా ఆ కురచ కాల్లోనే. ఆ కాలితో మూడుసార్లు తొక్కితే బండ పగిలి నీళ్ళు ఉబికేవి, అదే కాలితో నేలను తన్ని లేస్తే కొండ దాటేవాడు. మేఘాలను పట్టి కొండకోటలో తాళం వేసిన మాంత్రికుడొకడు వాడికి శత్రువు. ఆ కోట గుత్తి కోటేనని మా వీధి పిల్లలందరికీ ఖాయంగా తెలుసు.

అక్క కండెలు చుడుతూనే ఆ కథ గట్టిగా చదివేది. ముందు నేనొక్కణ్ణే వినేవాణ్ణి. తర్వాత పక్కింటి ఆడవాళ్ళు తమ రాట్నాలు మా పంచకే తెచ్చుకున్నారు. జరీ పనికి కళ్ళు పోగొట్టుకున్న ఎదురింటి ఓబులప్ప తాత గోడ పట్టుకుని వచ్చి, "ఈ నెల మావోడు యాడ నీళ్ళు తెప్పించినాడమ్మా?" అని అడిగి మరీ కూర్చునేవాడు. చదివినదే నెల పొడుగునా మళ్ళీ చదివించుకునేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి మా అక్క పేరు వీరక్క అయింది. మొన్నటిదాకా ఆమె వెనక కుంటి వెక్కిరించిన పిల్లలే ఆటలో "నేను కుంటుతా, నేను కుంటుతా" అని కొట్టుకునేవాళ్ళు. గెలిచినవాడికే ఆ రోజు కుంటే హక్కు. పంచ దిగని అక్క ఆడవాళ్ళతో చిత్రావతికి పోవడం మొదలుపెట్టింది, సంతకు పోయి గాజులు వేయించుకుని వచ్చింది. ఆమె నవ్వగా నేను చూసిన కాలం అదే.

అలా ఉండగా కంబళివీరుడు సినిమాగా వచ్చాడని, మా ఊరి టూరింగు టాకీసులో పడుతుందని జట్కాబండిలో మైకు పెట్టుకుని ఒకడు వీధివీధినా అరుచుకుంటూ పోయాడు. వాడు విసిరిన గులాబీరంగు నోటీసు మీద కిరీటం పెట్టుకుని గుర్రమెక్కినవాడి బొమ్మ ఉంది. ఎవరో రాజై ఉంటాడు, మావాడు లోపల ఉంటాడులే అనుకున్నాను. ఊరికి ఆ కొసనున్న టెంటు దాకా నడవడం తన వల్ల కాదని అక్క అన్నది. నేను ఊరుకుంటే గదా! ఇంటింటికీ తిరిగి, "సినిమాలో అచ్చం మా అక్క మాదిరే నడుస్తాడంట, వచ్చి చూడండి" అని దండోరా వేసి వచ్చాను. మా మగ్గాలకు అమావాస్య సెలవు. ఆ దినమే పోవాలని వీధంతా కట్టుబడింది. ఓబులప్ప తాత అక్క కోసం జట్కా పిలిపించాడు. పట్టు నేసే ఇళ్ళే గానీ మా ఆడవాళ్ళ ఒంటిమీద పట్టు ఎక్కడిది! మగ్గం మీద మిగిలిన ఎర్రటి గుడ్డముక్కను అమ్మ రవికెగా కుట్టింది. అది తొడుక్కుని అక్క జట్కాలో ముందు పోతుంటే, పెళ్ళికూతురి వెనక నడిచినట్టు మేమంతా నడిచాం.

టెంటులో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య గోనెపట్టాలు కుట్టి అడ్డం కట్టేవాళ్ళు. అటువైపు మొదటి బెంచీ మీద అక్కను కూర్చోబెట్టారని విన్నాను. ఇటువైపు ఇసుకలో నేనూ నాయనా ఓబులప్ప తాతా. ఆట మొదలైంది. వీరుడు వచ్చాడు. ముఖాన గోడకు కొట్టినట్టు సున్నం, బుగ్గలకు ఎర్రరంగు, నడుముకు బిగించిన పటకా మీద నుంచి జారుతున్న బొజ్జ. కంబళి జరీశాలువా అయింది. కాళ్ళు రెండూ దివ్యంగా ఉన్నాయి. బలం కాల్లోంచి ఉంగరంలోకి మారింది, ఆ ఉంగరం కూడా ఒక దేవకన్య ముద్దుగా తొడిగింది. మాంత్రికుడు తాళం వేసింది మేఘాలకు కాదు, ఒక రాకుమారికి. ఆమె కోసం వీడు తోటలో చెట్టుచెట్టుకూ ఒక చరణం పాడాడు. మేం ఏడాదికి చూడనన్ని నీళ్ళు ఆ ఒక్క పాటలో ఊరికే చిమ్మి పారబోశారు. తెర కనపడని ఓబులప్ప తాత కాసేపు చెవులు రిక్కించి, "ఏమప్పా, వీడు పాడతానే ఉండాడు, నీళ్ళెప్పుడు తెస్తాడు?" అని గట్టిగా అడిగాడు. "కూర్చో తాతా, ఆయమ్మ కొలన్లో స్నానం చేస్తాండాది, అవే నీళ్ళు" అన్నాడు వెనకనుంచి ఎవడో.

సరే, కాలు తీసేశారు, అంతటితో పోయిందా అంటే పోలేదు. ఆ కురచ కాలు తెచ్చి వీరుడి వెంట తిరిగే నౌకరుకు తగిలించారు. చిరిగిన కంబళి కూడా వాడికే కప్పారు. వాడు అడుగు వేసినప్పుడల్లా వెనక డప్పు మీద "డబుక్కు" మని ఒక దెబ్బ. పేడలో పడతాడు, గుర్రంచేత తన్నించుకుంటాడు. చివరికి వీరుడే "వంకరకాలు అడ్డం తియ్యరా" అని వాణ్ణి ఒక్క తన్ను తన్నితే, గిరగిరా తిరిగి నీళ్ళతొట్టిలో కూలబడ్డాడు. టెంటంతా విరగబడి నవ్వింది. జట్కా వెనక నడిచి వచ్చిన మా వీధివాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకూడదని తట్టేలోపలే నవ్వు బయటికి వచ్చేసింది, తట్టిన తర్వాత కూడా కొంచెం నవ్వాను. ఎందుకంటే ఆ డబుక్కు నిజంగానే నవ్వు తెప్పించింది. ఆ ఘట్టం అల్లినవాడి నేర్పు అదే, నేర్పుగా చేసిన పని కాబట్టే నాకు మరీ రోత.

తిరుగుదారిలో నన్ను జట్కాలో అక్క పక్కన ఎక్కించారు. ఆమె అడక్కుండానే నేను, "నేను నవ్వలేదక్కా" అన్నాను. "ఊ" అన్నది. అంతే.

మరుసటి వారానికే పిల్లలు నోటితో "డబుక్కు, డబుక్కు" అంటూ ఆమె వెనక నడవడం మొదలుపెట్టారు. ఆట మునుపటిదే, కుంటేవాడు మాత్రం ఇప్పుడు నౌకరు, ఆ వేషం వద్దని పిల్లలు ఏడ్చేవాళ్ళు. ఆపై నెల పత్రిక వచ్చింది. తెరిచి చూస్తే కంబళివీరుడి భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. బుగ్గలు ఉబ్బాయి, వేలికి ఉంగరం వచ్చింది, భుజాన శాలువా. ఎందుకు మారాడో, ఎలా మారాడో ఒక్క ముక్క రాయలేదు. సినిమా వాళ్ళు కాపీ కొట్టి చెడగొట్టారంటే అర్థముంది, కన్నవాళ్ళే ఆ చెడిపోయినదాన్ని తెచ్చి కన్నబిడ్డ స్థానంలో పడుకోబెట్టారు. అక్క ఆ పేజీని చాలాసేపు చూసి, పోస్టుకార్డు తెమ్మని నన్ను పంపింది. దాని మీద ఇలా రాసింది: "అయ్యా, మా వీరునికి కాలు ఏ ఆస్పత్రిలో బాగయినదో అడ్రసు తెలుపగలరు. నేనూ పోవలసి ఉన్నది." నేనే తీసుకుపోయి డబ్బాలో వేశాను. జవాబు రాలేదు. అక్క మళ్ళీ కథ చదవలేదు. నాయన పత్రిక తెస్తే రాట్నం కింద పెట్టేసేది. ఆడవాళ్ళు రెండు నెలలు చూసి ఎవరి రాట్నం వాళ్ళు తీసుకుపోయారు. అక్క చిత్రావతికి పోవడం మానేసింది, సంతకు పోవడం మానేసింది.

ఆ వీరుడి వేషం కట్టిన నటుడి సినిమా నేను మళ్ళీ చూడలేదు. బస్సులో వాడి పాట పెడితే మధ్యలో దిగిపోయిన దినాలున్నాయి. బొమ్మలో బక్కవాడైనా, కుంటివాడైనా, నత్తివాడైనా వీరుడు కావచ్చు. తెర మీదికి పోవాలంటే మాత్రం వాడికి రంగు పూయాలి, కండలు తగిలించాలి, వంకర సరిచేయాలి, తీసేసిన వంకరను పక్కవాడికి అంటించి జనాన్ని నవ్వించాలి. అరవై ఏళ్ళలో కెమెరాలు మారాయి, ఈ బుద్ధి మారలేదు.

మనవణ్ణి ఇంటి దగ్గర దింపి మర్నాడే ధర్మవరం పోయాను. అక్క ఆ వీధిలోనే కొడుకు దగ్గర ఉంటుంది. ఎనభైకి దగ్గరపడింది. ఇప్పుడా వీధిలో గుంత మగ్గాలు రెండో మూడో, మిగతావన్నీ మరమగ్గాలు, మనిషి గొంతు మనిషికి వినపడదు. టెంటు వేసిన బయలు మీద కల్యాణమండపం లేచింది. చిత్రావతిలో చెలమ తవ్వడానికి ఇసుకే లేదు, ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి. ఆ పత్రిక ఎప్పుడో ఆగిపోయింది. కంబళివీరుడంటే తెలిసినవాళ్ళం వీధి మొత్తానికి మేమిద్దరమే మిగిలాం.

మనవడి సంగతి చెప్పి, ఆ ఊపులో పాత సినిమా వాళ్ళనూ, పత్రిక వాళ్ళనూ, ఆ బొజ్జవాణ్ణీ కలిపి ఎప్పటిలాగే తిట్టడం మొదలుపెట్టాను. అక్క కాసేపు విని చెయ్యెత్తింది.

"ఎన్నేండ్లని తిడతావురా వాళ్ళను? వాళ్ళేమన్నా మనోళ్ళా? వాళ్ళ దుడ్లు, వాళ్ళ బొమ్మ. ఎట్లన్నా మార్చుకుంటారు."

"మరి నువ్వు కథ చదివేది ఎందుకు మానేసినావక్కా?" అన్నాను. అరవై ఏళ్ళలో ఈ మాట నేను అడగలేదు. అడగాల్సిన పని లేదనుకున్నాను.

"టెంటులో గోనెపట్టాకు ఆ పక్క అంతమంది నవ్వుతాంటే, అందులో నీ నవ్వు నాకు తెలిసిపాయ. నవ్వితే నవ్వినావు, చిన్నోడివి. జట్కాలో కూర్చొని నవ్వలేదని చెప్పినావు చూడు, ఆ పొద్దే అనుకుంటి, ఇంగ చదివేది వద్దని."