నలభై మందికి ఒకటే బిళ్ళ

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆమెను అందరూ మైకు అనేవారు. మిషన్లన్నీ తిరుగుతున్నా ఆమె గుసగుస గేటు దాకా వినబడేది. అంత నోరున్న మనిషీ మంచినీళ్ళ దగ్గర మాత్రం నోరు కట్టుకునే ఉండేది.

కారణం సూపర్‌వైజర్ బల్ల మీది చెక్క బిళ్ళ. అది చేతిలో ఉంటేనే బాత్రూమ్‌కు వెళ్ళాలి. ఆ లైనులో నలభై మంది ఆడవాళ్ళకు ఒకటే బిళ్ళ. దానికోసం బతిమాలలేక అందరూ గొంతు ఎండబెట్టుకునేవారు. మైకు కిడ్నీలో రాయి చేరింది. "నీళ్ళు బాగా తాగమ్మా, లేదంటే ఆపరేషనే" అన్నాడు డాక్టరు. ఆ మాట బిళ్ళకెవరు చెప్పాలి?

ఆకురాలే కాలంలో యాజమాన్యానికి ఏటా ఓసారి దయ పుట్టుకొచ్చేది. ఈసారి కిడ్నీ రోగుల సేవాసంస్థకు విరాళమట. లైనుకో జట్టు. జట్టు తాగే ప్రతి గ్లాసు నీళ్ళకూ నెలంతా కంపెనీ కొంత సొమ్ము ఇస్తుందట. మేడ మీద, బాత్రూమ్‌లు పక్కనే ఉన్న గదుల్లో కూర్చునేవాళ్ళకే వచ్చే ఆలోచన అది.

"ఫొటోకి తలో గ్లాసు తాగండి, చాలు" అన్నాడు సూపర్‌వైజర్.

"రోగుల నోటి దగ్గరిది లాక్కుంటామా సార్? పాపం కదూ!" అంటూ మైకు మూడో గ్లాసు ఎత్తింది.

పక్క మిషను మీది ఆడపడుచు ఆమెను గిల్లింది. "మెల్లగా వదినా! తర్వాత మన గతేంటి?"

"అది సార్ చూసుకుంటారు. నువ్వు తాగు."

లైను లైనంతా తాగింది. కాసేపటికి మిషన్లు ఆగాయి, బల్ల ముందు క్యూ కట్టారు.

"సార్, బిళ్ళ!"

"వేరేవాళ్ళు తీసుకెళ్ళారు!"

"ఈ ఫ్లోరు ఎవరు కడుగుతారో చూసుకోండి మరి!"

సరిగ్గా అప్పుడే సేవాసంస్థ నర్సు ఫొటో తీయడానికి వచ్చింది. "ఇంత పెద్ద క్యూ! అందరూ విరాళం ఇచ్చేవాళ్ళేనా?"

"ఇవ్వడానికే నిలబడ్డామమ్మా. ఇచ్చే చోటికి పంపట్లేదు" అని, మైకు బిళ్ళ సంగతంతా మేడ మీదికి వినబడేలా చెప్పింది.

నర్సు కెమెరా సంచిలో పెట్టేసింది. "వీళ్ళు విరాళం ఇచ్చేవాళ్ళు కాదు, రేపు మా దగ్గరికొచ్చే పేషెంట్లు. ఈ ఫొటో మేం వేసుకోం."

మేనేజరు పరుగున దిగివచ్చి, "ఎవరు పెట్టారీ బిళ్ళ?" అని మండిపడ్డాడు. పెట్టించింది ఆయనే. సూపర్‌వైజర్ పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. బిళ్ళ సొరుగులోకి వెళ్ళింది.

నెల తిరగకుండానే మైకు రాయి పడిపోయింది. ఆ కబురు ఆమె ఆడపడుచు చెవిలో చెబితే, గేటు దగ్గర వాచ్‌మన్ "శుభం అక్కా!" అని కేకేశాడు.

విరాళాల నెల ముగిసిన మర్నాడు బిళ్ళ మళ్ళీ బల్లెక్కింది. యాజమాన్యం దయకు గడువు తీరింది మరి. మైకు మిషను ఆపి లేచింది. ఆడపడుచు లేచింది. నలభై మందీ నిండు గ్లాసులు పట్టుకుని బల్ల చుట్టూ చేరారు.

"విరాళాలు అయిపోయాయిగా?" అన్నాడు సూపర్‌వైజర్.

"దాహం అయిపోలేదు సార్" అంది మైకు, గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుని.

ఆయన సొరుగు తెరిచాడు.