వలస ధ్రువపత్రం

నేను ఇంతకాలం ఏమీ రాయకపోవడానికి కారణం చెప్పడం తేలికే. మా ఇళ్లలో పిల్లలు పలక పట్టే వయసూ మిరపకాయ కోసే వయసూ ఒకటే. అద్దంకికి పడమట, వానను నమ్ముకున్న మెట్ట ఊరు మాది. కందీ సజ్జా ఇంటికి చేరాక ఊళ్లో పని ఉండేది కాదు. చలి తగ్గకముందే కూలీల మేస్త్రి లారీ మాట్లాడేవాడు. గిన్నెలు, దుప్పట్లు, కోళ్ల గంపతో సహా ఎక్కి అమరావతి వైపు మిరపకోతకు పోయేవాళ్లం. తిరిగొచ్చేసరికి ఎండలు ముదిరి బడికి సెలవులిచ్చేవారు. బడి తెరిచినప్పుడు నాన్న నా పేరు రాయించడం, మేం లారీ ఎక్కిన కొన్నాళ్లకు అయ్యవారు దాన్ని కొట్టేయడం. రెండేళ్లు అలా జరిగాక నాన్న రాయించడమే మానేశాడు. వచ్చిన నాలుగు అక్షరాలూ నేను మరిచిపోయాను.

మళ్లీ అక్షరాలు వచ్చేసరికి నాకు ముప్పై దాటాయి. తొంభైల చివర, అత్తగారి ఊళ్లో, బడి వరండాలో మధ్యాహ్నాలు ఆడవాళ్లకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పేది ఇంటర్ చదివి ఇంట్లో ఉన్న ఒక అమ్మాయి. మాలో చాలామంది సంతకం రాగానే మానేశారు. నేను మానలేకపోయాను. ఎరువుల బస్తా మీది అచ్చు, బస్సు బోర్డు, బెల్లం పొట్లం కట్టిన కాగితం, ఏది కనబడినా చదవకుండా ఉండలేకపోయేదాన్ని. ఆ అమ్మాయి తన పాత పుస్తకాలన్నీ ఒకటొకటిగా ఇచ్చింది. కొన్నేళ్ల తర్వాత ఒకరోజు, బడి ముఖం చూడనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి దూరవిద్యలో బి.ఎ. చదవొచ్చని చెప్పింది. నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను.

మొదటిసారి తప్పాను. రెండోసారి గట్టెక్కాను.

ఉద్యోగం మీద నాకు ఆశ లేదు. ఆ వయసులో ఎవరిస్తారు? ఏదో ఒక చదువుల చోట నా పేరు ఉండాలి, దాన్ని ఎవరూ కొట్టేయకూడదు, అంతే నేను కోరుకున్నది. బడి వదిలే వేళకు పొలం నుంచి వస్తూ, సంచులు ఊపుకుంటూ పరిగెత్తే ఆడపిల్లలకు దారిచ్చి పక్కకు నిలబడేదాన్ని. పిల్లల తల్లినై కూడా వాళ్ల మీద నాకు అసూయగా ఉండేది. ఈ ఏడు చేరే గడువు దాటితే మళ్లీ వచ్చే ఏడే. వచ్చే ఏటికి నా పంతం ఇలాగే ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

దరఖాస్తూ దానితోపాటు వచ్చిన చిన్న పుస్తకమూ తెచ్చుకుని అరుగు మీద కూర్చుని చదివాను. మా ఆయన ఎదురుగా కూర్చుని మందు కొట్టే పంపు విప్పి బాగుచేసుకుంటున్నాడు. పుస్తకం చివర విద్యార్థులు పాటించాల్సిన నియమాలున్నాయి. తోటి విద్యార్థులను వేధించను, ఎగతాళి చేయను, వాళ్ల మీద చేయి చేసుకోను, అలా చేస్తే చట్టప్రకారం శిక్షకు ఒప్పుకుంటాను అని రాసివ్వాలి. ఈ నియమాలు విద్యార్థులందరికీ వర్తిస్తాయి అని కింద లావు అక్షరాల్లో ఉంది. అది పైకి చదివాను.

"విద్యార్థుల్నేగా వేధించగూడదంది. మొగుడి సంగతి ఏమన్నా రాశారా?" అన్నాడు.

"రాయలేదు."

"మరి నాకు దిక్కెవరు?"

దాని కింద తండ్రి లేక సంరక్షకుడు సంతకం చేయాలి. నాన్న పోయి చాలా ఏళ్లయింది. నువ్వే నాకు సంరక్షకుడివంట, సంతకం పెట్టు అన్నాను. ఇన్నాళ్లకైనా గవర్నమెంటుకు తెలిసింది అంటూ చేతులు తుడుచుకుని వచ్చి పెట్టాడు. అతను నవ్వుతున్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. విద్యార్థి చేయకూడని పనులు నేను కూడా చేయకూడదని ఎవరో నన్ను ఆజ్ఞాపించడం నాకు చాలా ఇష్టంగా ఉంది. ఆ పేజీ మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

జతపరచాల్సిన కాగితాల దగ్గరికి వచ్చాక ఆగిపోయాను. అర్హత పరీక్ష మార్కులు ఉన్నాయి. వయసుకు ఓటరు కార్డు ఉంది. ఫొటోలు దిగాను. ఆ తర్వాత, వలస ధ్రువపత్రం అని ఉంది.

ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందన్న అనుమానం నాకు రాలేదు. వలస అంటే మాకు తెలియనిదా? బడికి పోనివాళ్లను చేర్చుకుంటున్నారు కదా, ఎందుకు పోలేదో సాక్ష్యం అడుగుతున్నారనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషించాను కూడా. మేం ఆ లారీలు ఎక్కిన సంగతి ఇన్నేళ్లకు ఒకరికి కావలసి వచ్చింది. మా ఆయనకూ అందులో తప్పేమీ కనబడలేదు. చదువు చెప్పిన అమ్మాయిని అడుగుదామంటే, పెళ్లయి పొన్నూరు వెళ్లిపోయింది.

మా ఊరి రెవెన్యూ ఉద్యోగి దగ్గరికి వెళ్లాను. నివాసం, కులం, ఆదాయం అయితే తను రాసిస్తానని, వలస సంగతి వలస పోయిన ఊళ్లోనే అడగాలని చెప్పాడు. అదీ నాకు సబబుగానే తోచింది. రెండోనాడు తెల్లారగానే బయలుదేరి, నరసరావుపేటలోనూ సత్తెనపల్లిలోనూ బస్సు మారి, మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాను.

కోత లేని కాలంలో ఆ ఊరిని చూడడం నాకదే మొదలు. నా మనసులో ఆ పొలాలెప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఇప్పుడు దున్ని వదిలిన నల్లరేగడి, అక్కడక్కడా నారుమడులు. కల్లాల చోట గడ్డి మొలిచింది. మేం గుడిసెలు వేసుకునే దిబ్బ మీద ఎవరో ఇల్లు కట్టారు. మేం వస్తేనే ఊరు అనుకునేదాన్ని నేను. మేం లేకుండా కూడా అది ఏడాదిలో ముప్పాతిక భాగం హాయిగా ఉండేదన్నమాట.

మేం కోసిన పొలం ఆసామి పోయాడు. ఆయన భార్య వరండాలో మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. బాగా పెద్దదైపోయింది.

"ఎవరమ్మాయ్?"

"పడమటి నుంచి వచ్చానండీ. చిన్నప్పుడు మీ పొలంలో మిరపకోతకు వచ్చేవాళ్లం."

"పడమటోళ్లు మందలు మందలు వచ్చేవాళ్లు. ఏ అమ్మ కూతురివి?"

మా అమ్మ ఎడమచేత్తో కోసేదని చెప్పాను. ఆమె చింతపండు పక్కన పెట్టింది.

"ఆ ఎడంచేతామె కూతురివా. బడి గోడ పక్క సాళ్లు ఇస్తేనే కోస్తానని పేచీ పెట్టేదానివి నువ్వేగదే? నీడ కోసం దొంగవేషాలు వేస్తున్నావని తిట్టేదాన్ని."

నీడ కోసం కాదండీ అని చెప్పాను. ఆ గోడకు ఆనుకుని ఉన్న సాళ్లలో కోస్తుంటే లోపలి నుంచి పాఠం వినబడేది. పిల్లలు ఎక్కాలు అరుస్తుంటే నేను కాయకొక మాట చొప్పున పెదవులు కదిపేదాన్ని. అయ్యవారు ఏదైనా అడిగి, ఎవరూ చెప్పకపోతే, నాకు తెలిసిన జవాబు గొంతులోనే ఉండిపోయేది. మంటెక్కిన వేళ్లకు అమ్మ సాయంత్రం మజ్జిగ పోసేది. ఆ మంట తగ్గేది. పాఠం సగంలో ఆసామి పిలిచి వేరే సాళ్లకు పంపితే కలిగే మంట తగ్గేది కాదు.

ఆమె చేతులకంటిన చింతపండు కొంగుకు తుడుచుకుంది. తర్వాత ఏం కావాలని అడిగింది. చెప్పాను. చిన్నప్పుడు తనూ ఎనిమిది దాకా చదివిందట. మనవరాలి పుస్తకం లోంచి కాగితం తీసి, తడుముకుంటూ, పెద్ద అక్షరాలతో రాసింది. ఈమె పసితనం నుంచి పెళ్లయ్యేవరకు ఏటా మా పొలానికి మిరపకోతకు వలస వచ్చేది, అందుచేత చదువుకోలేకపోయింది, ఇది నాకు స్వయంగా తెలుసు. కింద సంతకం చేసి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో ముక్క చేర్చింది.

"ఏం రాశారండీ?"

"బాగా కోసేదని రాశాను. పనికొస్తదేమో."

అన్నం తినిపించి గానీ పంపలేదు. బస్సుకు నడుస్తూ బడి ముందు ఆగాను. గోడ అదే. చిన్నప్పుడు నాకు బొమ్మల్లా కనబడిన ఊరి పేరు, దాని కింద మండలం, జిల్లా, అన్నీ చదివాను. లోపల పిల్లలు మధ్యాహ్నపు బద్ధకంతో ఏదో పద్యం చెబుతున్నారు. వెళ్లి వెనక బల్ల మీద కూర్చుంటానంటే ఎవరైనా ఒప్పుకుంటారా అనిపించింది. బస్సు వస్తున్న చప్పుడు విని కదిలాను.

గడువు చివరి రోజున జిల్లా కేంద్రంలో స్టడీ సెంటరుకు వెళ్లాను. వరసలో నాకు ముందూ వెనకా నా కూతురి ఈడు పిల్లలే. బల్ల దగ్గరి గుమాస్తా కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ, ఆసామి భార్య రాసిచ్చిన దాని దగ్గర ఆగాడు. చదివాడు. పక్కాయనకు వినబడేలా మళ్లీ చదవడం మొదలుపెట్టి, రెండో వాక్యానికే గొంతు తగ్గించేశాడు. బాగా కోసేది అన్న చోటికి వచ్చేసరికి పైకి చదవడం మానేశాడు.

"ఇది కాదమ్మా. వలస ధ్రువపత్రమంటే ఒక యూనివర్సిటీలో చదివి ఇంకో యూనివర్సిటీకి మారేవాళ్లు తెచ్చేది. మీకు అక్కర్లేదు. మీరు ఎక్కడినుంచీ రాలేదుగా."

"వచ్చానండీ," అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు.

"ఏటా వచ్చాం. లారీల్లో వచ్చాం. అందులో రాసుంది."

ఆయన విసుక్కోలేదు. ఆ కాగితాన్ని మడతలు సరిచేసి నాకు తిరిగిచ్చాడు. దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉండకూడదని, అక్కడ వర్తించదు అని రాయాలని, అలా రాస్తే ఈరోజే తీసుకుంటానని, లేకపోతే కౌంటరు మూసేస్తారని చెప్పాడు. కలం నా వైపు తిప్పి పెట్టాడు.

నేను వెంటనే రాయలేకపోయాను. చదువు కోసం నేను ఎన్నో మాటలు రాయడం నేర్చుకున్నాను గానీ, వలస అన్న మాట ఎదురుగా వర్తించదు అని రాయాల్సి వస్తుందనుకోలేదు. అమ్మ ఎడమచెయ్యి, కోళ్ల గంప, బడి గోడ ఇవేవీ నావి కావని నా చేత్తోనే ఒప్పుకున్నట్టు అనిపించింది. వెనక అమ్మాయి మెల్లగా, ఆంటీ, టైమవుతోందండీ అంది. రాశాను. ఆయన ముద్ర వేసి, రసీదు చింపి ఇచ్చి, పుస్తకాలు ఎప్పుడొస్తాయో, ఆదివారం క్లాసులు ఎక్కడ జరుగుతాయో చెప్పాడు. నా పేరు రాసుకున్నాడు. తలకిందులుగా ఉన్నా అది నా పేరేనని చదువుకున్నాను. కోరుకున్నది అదే. బస్సులో కూర్చున్నాక చూస్తే, నడుం దగ్గర దోపుకున్న ఆ పెద్దామె కాగితం చెమటకు తడిసి, ఒక చోట సిరా అలుక్కుపోయి ఉంది.

మర్నాడు పొద్దున పొలంలో మిరపనారు నాటే పని ఉంది. మధ్యాహ్నం నుంచి వస్తానని మా ఆయనతో చెప్పి అద్దంకి బస్సెక్కాను. బస్టాండు దగ్గరి జిరాక్సు షాపు తెరిచేదాకా మెట్ల మీద కూర్చుని, తెరవగానే ఆ కాగితం లామినేషన్ చేయమని ఇచ్చాను. షాపతను అటూ ఇటూ తిప్పి, స్టాంపు లేదు, సీలు లేదు, ఇదేం సర్టిఫికెట్టండీ అని అడిగాడు. నా వలస ధ్రువపత్రమని చెప్పి, అంచులు కత్తిరించేటప్పుడు అక్షరాలు పోకుండా చూడమన్నాను.