శివను బెంచీ మీద కూర్చోబెట్టిన కోచ్ గారు

2023 వానాకాలం. రాజమండ్రి దానవాయిపేటలో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి పదిహేనేళ్లు దాటింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నడుం నొప్పుల వాళ్లు, మెడ పట్టేసిన వాళ్లు, పక్షవాతం వచ్చి చెయ్యి లేవని పెద్దవాళ్లు. ఆటగాళ్లు తక్కువ. ఆ ఏడాది ఊళ్లోని ఒక పాత కాలేజీ వాళ్లు వారానికి రెండు సాయంత్రాలు వచ్చి తమ ఫుట్‌బాల్ టీమ్‌ని చూడమని అడిగారు. నాకు చిన్నప్పటినుంచీ బంతంటే ఇష్టం. వెంటనే ఒప్పుకున్నాను.

మా వైపు ఫుట్‌బాల్ ఏంటి, అందరిదీ క్రికెట్టే కదా అని బయటివాళ్లు అనుకుంటారు. మ్యాచ్ ఉన్న సాయంత్రం ఆ కాలేజీ గ్రౌండ్‌కి ఒకసారి రావాలి. మెయిన్ రోడ్డు మీద కొట్లు సగం షట్టర్లు దించేస్తారు. పాత విద్యార్థులు, ఆటోవాళ్లు, రిటైరైన లెక్చరర్లు, అందరూ సిమెంటు మెట్ల గ్యాలరీ మీద బఠాణీ పొట్లాలు పట్టుకుని కూర్చుంటారు. ప్రతి ఆటగాడి పేరూ, వాడి ఊరూ వాళ్లకి తెలుసు. గెలిస్తే పిల్లల్ని భుజాల మీద మోస్తారు. ఓడితే మాత్రం వాళ్ల నోళ్ల ముందు ఎవరూ నిలబడలేరు.

ఆ సీజన్లో టీమ్ వరసగా ఓడిపోతోంది. అంతకుముందు ఆటల వ్యవహారమంతా చూసిన ఫిజికల్ డైరెక్టర్ రిటైరయ్యారు. ఆయన స్థానంలో కాంట్రాక్టు మీద వరలక్ష్మి గారిని కోచ్‌గా తీసుకున్నారు. ఆవిడది ఉప్పాడ. వాళ్ల నాన్నగారు వేటకెళ్లేవారు, అమ్మగారు గంపలో చేపలమ్మేవారు. సముద్రం ఒడ్డున ఇసకలో అన్నదమ్ములతో బంతి తన్నుతూ ఆట నేర్చుకుని, రాష్ట్ర జట్టు దాకా వెళ్లిన మనిషి. నలభై దాటినా చువ్వలా ఉండేవారు. మగపిల్లల టీమ్‌కి ఆడమనిషి కోచ్ అన్నరోజే సగం గ్యాలరీ మొహం ముడుచుకుంది.

దానికి తోడు ఆవిడ ఆట తీరే మార్చేశారు. అంతకుముందు మా టీమ్ ఆటంటే ఒకటే. గోల్‌కీపర్ బంతిని ఆకాశంలోకి తన్నేవాడు, ముందున్న శివ దాని కిందకి పరిగెత్తి గోల్ కొట్టేవాడు. ఆవిడ అది మానిపించి, వెనకనుంచి చిన్న చిన్న పాసులతో బంతిని ముందుకు తెమ్మన్నారు. పిల్లలకి అలవాటు లేదు. సొంత గోల్ ముందే బంతి పోగొట్టుకునేవారు. అలా గోల్ పడ్డ ప్రతిసారీ గ్యాలరీలోంచి కేకలు వచ్చేవి. "పైకి తన్నమనండి మేడం, పైకి!"

శివది తుని. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. డిగ్రీ రెండో ఏడాది కుర్రాడు, గ్యాలరీకి ప్రాణం. ఒకరోజు పొద్దున్నే కోచ్ గారు వాణ్ణి వెంటబెట్టుకుని నా క్లినిక్‌కి వచ్చారు.

"కాలు నొప్పంటున్నాడండి. పరుగులో తేడా కనిపిస్తోంది" అన్నారు.

మోకాలి కిందనుంచి కాలి ముందు ఎముక వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాను. ఒకచోట వాడు అదిరిపడి బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ కాలి మీద ఒక్కసారి గెంతమంటే గెంతలేకపోయాడు. ఎక్స్-రేలో ఏమీ కనపడలేదు. అయినా అనుమానం తీరక ఎమ్మారై తీయించాం. స్ట్రెస్ ఫ్రాక్చర్. ఇది ఒక్క దెబ్బకి వచ్చేది కాదు. ఎముకకి కోలుకునే తీరిక ఇవ్వకుండా రోజూ పరిగెత్తితే అందులో వచ్చే సన్నని పగులు. మామూలుగా నడిచేస్తారు, నవ్వుతూ తిరిగేస్తారు. చూసేవాళ్లకి ఏ తేడా కనపడదు. అలాగే ఆడుతూ పోతే మాత్రం ఏదో ఒకరోజు కాలు నిజంగానే విరుగుతుంది. ఎముకల డాక్టరు గారు కూడా అదే చెప్పారు. రెండు నెలలు పరుగు లేదు.

శివ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్క ఇంజక్షన్ చేయించేయండి ఫిజియో గారూ. నొప్పి తెలీకుండా ఉంటే చాలు, ఈ సీజన్ లాగేస్తాను."

"ఇంజక్షన్ నొప్పిని ఆపుతుంది గానీ పగులుని ఆపదు బాబూ" అన్నాను.

కోచ్ గారు ఎమ్మారై ఫిల్మ్ కవర్లో పెడుతూ వాడితో అన్నారు. "మీ నాన్నగారికి నేను ఫోన్ చేసి చెప్తాను. ఇంకెవరికీ చెప్పొద్దు. టీమ్‌లో కూడా."

"ఎందుకు మేడం? చెప్తే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు కదా?"

"నన్ను అనరు. నీ హాస్టల్ గదికి వస్తారు. ఒకాయన పసరు తెస్తాడు, ఇంకొకాయన ఇంజక్షన్ చేసేవాణ్ణి తెస్తాడు. అందరూ ప్రేమతోనే వస్తారు. ఈ ఒక్క మ్యాచ్ ఆడరా అంటారు. నువ్వు కాదనగలవా?"

శివ వంగి ప్యాంటు కాలు కిందకి లాక్కున్నాడు.

"అనలేవు. నీ వయసులో నేనూ అనలేకపోయాను. మెట్లెక్కేటప్పుడు నా మోకాలు ఇప్పటికీ పీకుతుంది. నేనే ఆడించట్లేదని వాళ్లనుకుంటే తిట్లు నాకు పడతాయి. పడనీ. నేను పడగలను."

పేషెంటు సంగతి పేషెంటు ఒప్పుకోకుండా మూడో మనిషికి చెప్పకూడదన్నది మా వృత్తిలో మొదట నేర్పే విషయం. దాన్ని కాన్ఫిడెన్షియాలిటీ అంటారు. చదువుకునే రోజుల్లో పరీక్ష కోసం బట్టీపట్టాను. అదెంత బరువో ఆ నెలల్లోనే తెలిసింది.

తర్వాతి మ్యాచ్‌లో శివ ట్రాక్ సూట్ వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. మొదట గ్యాలరీకి అర్థం కాలేదు. అర్థమయ్యాక "శివా! శివా!" అని మొదలుపెట్టి, చివరికి "కోచ్ మారాలి!" దగ్గరికి వచ్చారు. టీమ్ ఓడిపోయింది. గ్రౌండ్ నుంచి బట్టలు మార్చుకునే గదులకి వెళ్లే దారి గ్యాలరీ పక్కనుంచే ఉంటుంది. కోచ్ గారు పిల్లల్ని దారికి అవతలి అంచున నడిపించి, తను గ్యాలరీ వైపు నడిచారు. ఓడిన ప్రతిసారీ అలాగే నడిచేవారు. కాగితం ఉండలు, బఠాణీ గింజలు ఆవిడ భుజం మీద పడేవి. దులుపుకునేవారు కూడా కాదు.

ఒకరోజు బయటికొచ్చేసరికి ఆవిడ స్కూటర్ హ్యాండిల్‌కి ఎవరో ఒక గరిటె కట్టి, దానికి బంతిపూల దండ వేశారు. ఇంటికెళ్లి వంట చేసుకోమని దాని అర్థం. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం తాపీగా దారం విప్పి, గరిటె అటూ ఇటూ తిప్పి చూశారు.

"స్టీలు మంచిదేనండి" అని బ్యాగులో పడేసుకుని స్కూటర్ స్టార్ట్ చేశారు. దూరంగా నిలబడి చూస్తున్న కుర్రాళ్లు నవ్వాలో మానాలో తెలియక చూపులు తిప్పుకున్నారు.

అందరికంటే పెద్ద గొంతు బుల్లబ్బాయి గారిది. ఆయన ఒకప్పుడు ఆ కాలేజీ టీమ్ కెప్టెను. ఇప్పుడు స్పోర్ట్స్ సామాన్ల కొట్టు. ఏటా పిల్లలకి బూట్లు తనే కొనిచ్చే మనిషి. నా ప్రాణానికి ఆయన నా పేషెంటు కూడా. ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవని జబ్బు. రోజు విడిచి రోజు నా బల్ల మీద పడుకుని, నేను చెయ్యి మెల్లగా పైకెత్తుతుంటే కోచ్ గారిని తిట్టేవారు.

"ఆయ్, మీరే చెప్పండి. బంగారంలాంటి కుర్రాడండి. వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ల బాటిళ్లు అందిమ్మంటుందా? అబ్బా... మెల్లగానండి!"

"ఊపిరి వదలండి."

"వాడికేం తక్కువండి? నిన్న హాస్టల్ ముందు చక్కగా నడుచుకుంటూ వెళ్తున్నాడు. మీరు టీమ్ ఫిజియో కదా, వాడికి దెబ్బేమన్నా ఉందేంటి?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "ఆటగాళ్ల సంగతి నేను చెప్పకూడదండి. మీ భుజం సంగతి ఎవరన్నా అడిగినా చెప్పను" అన్నాను.

"నా భుజం సంగతి ఊరంతా తెలుసు లెండి" అని ఆయన మళ్లీ కోచ్ గారి మీదకే వెళ్లిపోయారు. ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. ఆయనకి ఆ టీమంటే నిజంగానే పిచ్చి. ఓడినరోజు రాత్రి అన్నం తినరని వాళ్లావిడ నాతో చెప్పారు.

చివరికి ఆయనా, ఇంకొందరు పాత విద్యార్థులూ కలిసి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లారు. కోచ్ గారినీ నన్నూ పిలిపించారు. ప్రిన్సిపాల్ గారు మెత్తని మనిషి. అందరి ముందూ ఇబ్బందిగా అడిగారు. "మేడం, అబ్బాయికి ఏమన్నా ఆరోగ్య సమస్య ఉందా?"

"ఆడించనిది నేనండి. నిర్ణయం నాది, బాధ్యత కూడా నాదే" అన్నారావిడ.

"కారణం చెప్పొచ్చు కదా?" అన్నారు బుల్లబ్బాయి గారు.

"చెప్పనండి."

గది ఒక్కసారి హోరెత్తిపోయింది. ప్రిన్సిపాల్ గారు చేతులెత్తి అందరినీ ఆపి, మిగిలిన ఒక్క మ్యాచ్ అయ్యాక కాంట్రాక్టు సంగతి ఆలోచిస్తానన్నారు. ఆవిడ నమస్కారం పెట్టి బయటికొచ్చి, నేరుగా గ్రౌండ్‌లోకి వెళ్లి పిల్లల చేత పాసులు వేయించడం మొదలుపెట్టారు. ఉద్యోగం పోయేలా ఉన్న మనిషి గొంతులో చిన్న వణుకన్నా ఉంటుందేమోనని విన్నాను. లేదు. "తలెత్తి చూసి ఇవ్వరా బంతి" అని ఎప్పటిలాగే అరుస్తున్నారు.

చివరి మ్యాచ్ రోజు వాన వెలిసి గ్రౌండ్ చిత్తడిగా ఉంది. గ్యాలరీ నిండిపోయింది. ఆశ్చర్యంగా పిల్లలు బాగా ఆడారు. ఆ చిన్న పాసులు మొదటిసారి అతికినట్టు కుదిరాయి. బంతి వెనకనుంచి ముందుదాకా నేల మీదే జారుకుంటూ వెళ్తుంటే గ్యాలరీ కూడా కాసేపు తిట్టడం మరిచిపోయింది. గోల్ మాత్రం పడలేదు. రెండో సగంలో అవతలివాళ్లు ఒక గోల్ కొట్టేశారు. అంతే, మళ్లీ మొదలైంది. "శివా! శివా!"

నేను శివ పక్కనే కూర్చున్నాను. అప్పుడు బుల్లబ్బాయి గారు గ్యాలరీ మెట్లు దిగి బెంచీ దగ్గరికి వచ్చారు. చేతిలో కొత్త బూట్ల జత.

"వేసుకోరా. ఆవిడ ఏమన్నా నేను చూసుకుంటాను. దిగు."

శివ బూట్ల వైపు చూశాడు. గ్యాలరీ వైపు చూశాడు. వెయ్యి గొంతులు పిలుస్తున్నట్టుంది. వాడి చెయ్యి ట్రాక్ సూట్ జిప్పు మీదకి వెళ్లింది. కోచ్ గారు గ్రౌండ్ గీత దగ్గరనుంచి వెనక్కి వచ్చి వాడి ఎదురుగా నిలబడ్డారు. అరవలేదు.

"శివా, నేను నిన్ను పంపను. తర్వాత నన్ను ఎంతన్నా తిట్టుకో" అన్నారంతే.

వాడు ఆవిడ మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత బూట్లు రెండు చేతులతో తీసుకుని, బుల్లబ్బాయి గారికే తిరిగిచ్చేశాడు.

"నా కాలి ఎముక పగిలిందండి. పరిగెడితే విరిగిపోద్దంట. మేడం మీద అరవకండి. నన్ను కాపాడ్డానికే ఇన్నాళ్లూ అన్నీ తన మీదేసుకున్నారు."

బుల్లబ్బాయి గారు వాడి కాలి వైపు చూశారు. నా వైపు చూశారు. శివ చెప్పండన్నట్టు తల ఊపాడు. నేనూ అవునన్నట్టు తలూపాను.

"మరి మాకు చెప్పలేదేంటిరా?"

"చెప్తే ఆడమంటారు కదండీ. మీరడిగితే నేను ఆడేద్దును."

ఆయన ఆ బూట్లు పట్టుకుని అలాగే బెంచీ చివర కూలబడ్డారు. గ్యాలరీ అరుస్తూనే ఉంది. కాసేపటికి లేచి, నొప్పి భుజం సంగతి కూడా మరిచిపోయి రెండు చేతులూ ఎత్తబోయి, "అబ్బా" అని ఒక చేత్తోనే జనాన్ని ఆగమన్నారు. ఏం చెప్పారో నాకు వినపడలేదు. గ్యాలరీ ఒక్కో మెట్టూ నిశ్శబ్దమవుతూ వచ్చింది.

మ్యాచ్ ఓడిపోయాం. అయినా ఆ రోజు పిల్లలు గదులకి వెళ్తుంటే గ్యాలరీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కోచ్ గారు మామూలుగానే గ్యాలరీ వైపే నడిచారు. ఆవిడ మీద ఏమీ పడలేదు.

మర్నాడు బుల్లబ్బాయి గారు ఒక్కరే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, ఆవిణ్ణి తీసేస్తే తను మళ్లీ ఆ గేటు తొక్కనని చెప్పొచ్చారట. కాంట్రాక్టు పొడిగించారు. అలాగని ఆయన నోరు మూసుకున్నారనుకోకండి. "మనసు బంగారమేనండి ఆవిడది. కానీ ఎడంవైపు ఆ పొట్టికుర్రాణ్ణి ఆడించడం మాత్రం ముమ్మాటికీ తప్పే" అని నా బల్ల మీద పడుకుని వాదిస్తూనే ఉండేవారు. ఆ మాట కోచ్ గారికి చెబితే, "ఆయన చెప్పింది కొంత నిజమేనండి" అని నవ్వారు. ఆ కుర్రాణ్ణి నిజంగానే మధ్యలోకి మార్చారు.

శివ ఎముక చక్కగా అతికింది. మొదట నీళ్లలో నడక, తర్వాత మెల్లగా పరుగు, ఆ తర్వాత బంతి. మళ్లీ ఆడటానికి ఆటగాణ్ణి ఇలా మెట్టు మెట్టుగా తయారుచేయడాన్ని మేము రిటర్న్ టు ప్లే అంటాం. మరుసటి సీజన్లో వాడు మొదటి మ్యాచ్‌కి దిగినప్పుడు అరగంటకి మించి వద్దన్నాను. వాడు గోల్ కొట్టి ఊపు మీద ఉన్నాడు. సరిగ్గా అప్పుడే కోచ్ గారు వాణ్ణి బయటికి పిలిచేశారు. గ్యాలరీ కాసేపు గొణిగింది. శివ మాత్రం ఒక్క మాట అనకుండా వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆ ఏడాది మా టీమ్ కప్పు గెలవలేదు గానీ సెమీఫైనల్ దాకా వెళ్లింది.

నొప్పి తగ్గించడం, కండరాలకి బలం తెప్పించడం నాకు చదువు నేర్పింది. గాయపడ్డ మనిషికీ, వాణ్ణి ప్రేమించే జనానికీ మధ్య ఎవరో ఒకరు నిలబడాలని, వాళ్లకి దానివల్ల మంచిపేరు రాకపోవచ్చని వరలక్ష్మి గారిని చూశాకే తెలిసింది. ఇప్పుడు ఆటలాడే పిల్లలు ఎవరొచ్చినా, నొప్పి ఎక్కడని అడిగాక ఇంకో ప్రశ్న తప్పకుండా అడుగుతున్నాను. "ఈ నొప్పితో నిన్ను ఆడమంటున్నది ఎవరు బాబూ?"

చాలామంది తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి వైపో, అన్న వైపో ఒకసారి చూస్తారు. అప్పుడు నేను కుర్చీ లాగి ముందు ఆ పెద్దాయన్ని కూర్చోమంటాను.