గఫూర్ సాబ్ వెదురుకట్టె

మా పెద్దకడుబూరు దిక్కు తారురోడ్డు పడిన కొత్తలో, అది బండ్లు తిరగడానికి వేశారంటే మేం ఒప్పుకోలేదు. సర్కారు మాకు ఉత్తపుణ్యానికి కళ్లం చేసిచ్చిందనుకున్నాం. కొర్ర కోయగానే తెచ్చి రోడ్డు మీద పరిచేవాళ్లం. బండ్లు పక్కకు తప్పుకోకుండా రాళ్లు కూడా పెట్టేవాళ్లం. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే గింజ రాలేది. ఇంత తెలివి మాకు తప్ప ఎవరికుంటుంది?

ఆ తెలివి గఫూర్ సాబ్‌కు గిట్టేది కాదు. ఆదోనిలో లారీ డ్రైవరు ఆయన. ఊళ్ల నుంచి పత్తి బోరాలు మిల్లులకు తోలేవాడు. ‘నిదానమే ప్రధానం’ అని లారీ వెనక అందరూ రాయించుకుంటారు. దాన్ని చదువుకున్నవాడు ఆయనొక్కడే. పొద్దున్నే లారీ చుట్టూ తిరిగి, చక్రాల కింద వంగి చూసి గానీ ఎక్కేవాడు కాదు. ఎద్దులబండి ఎదురైతే లారీ దాదాపు ఆగిపోయేది. “సాబ్ లారీలో పెండ్లికి బయల్దేరితే పురుడుకు అందుకుంటాం” అని తోటి డ్రైవర్లు నవ్వేవాళ్లు.

రోడ్డు మీద పంట కనిపిస్తే లారీ ఆపేవాడు. సీటు వెనకనుంచి వెదురుకట్టె తీసి, ఈ చివరనుంచి ఆ చివరిదాకా గడ్డిలో పొడిచి చూశాకే తొక్కించేవాడు. మా ఆడవాళ్లకు ఒళ్లు మండేది. గింజలు పోతాయని తిట్టేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

డెబ్బై ఎనిమిదిలో ఒక మధ్యాహ్నం ఆయన లారీ వచ్చేసరికి పడమట మబ్బు కమ్ముకొస్తోంది. మా ఊరి మద్దమ్మ పరిచిన కొర్ర రోడ్డు మీద ఉంది. ఆ ఏడు ఆమెకు పండిందే అంత. తడిస్తే మొలకలెత్తి పోతుంది. గఫూర్ సాబ్ కట్టె పట్టుకుని దిగబోతుంటే ఆమె అడ్డం వచ్చింది.

“చూసేదేముంది సాబన్నా, పొద్దున్నించీ నేనీడనే ఉండాను గదా. వాన వస్తాంది. ఆ అంచున ఎవురూ తొక్కలేదు, ఆ పక్క పోనియ్యి.”

“రెండు నిమిషాలమ్మా.”

“నీ కాళ్లు మొక్కుతా.”

ఆయన ఒకసారి మబ్బు వైపు చూశాడు, ఒకసారి ఆమె ముఖం చూశాడు. కట్టె సీటు వెనక పెట్టేశాడు.

మొగుడు ఈరన్న ఎద్దులబండి తేవడానికి ఊళ్లోకి పోయాడనే ఆమె అనుకుంది. రాత్రంతా పంటకు కావలి కాసి, జ్వరంతో ఒళ్లు కాలుతుంటే, ఒక్క కునుకు తీసి పోదామని, ఆమె అటు చూడనప్పుడు అతను ఆ అంచునే పడుకున్నాడు. ఎండకు గడ్డి మీదికి లాక్కున్నాడు. లారీ చక్రం ఎక్కినప్పుడు అరవను కూడా అరవలేదు. వాన మాత్రం నాలుగు చినుకులు రాల్చి పోయింది.

“నేనే పోనియ్యమంటి” అని మద్దమ్మ పోలీసులకూ చెప్పింది, కోర్టులోనూ చెప్పింది. కేసు కొట్టేశారు. గఫూర్ సాబ్ మాత్రం మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఇంటి ముందు పాత టైర్లకు అతుకులేసి బతికాడు. కొర్ర కోతలొస్తే చాలు, కట్టె పట్టుకుని ఆదోనిలో బస్సెక్కి మా రోడ్డు మీద దిగేవాడు. బండ్లను ఆపి, పరిచిన పంటంతా పొడిచి చూసి, పొమ్మనేవాడు. మద్దమ్మ ఒక రాయి మీద చెంబుతో నీళ్లు పెట్టి దూరం జరిగేది. ఆయన తాగేవాడు.

ఎనభై ఆరులో కోతలొచ్చినా ఆయన రాలేదు. పోయాడని తెలిసి మద్దమ్మ ఆదోనికి వెళ్లింది. ఆయన భార్య అక్బర్‌బీ తలుపు తీసింది, చూడగానే ఎవరో గుర్తుపట్టింది.

“ఆ కట్టె ఇయ్యక్కా” అంది మద్దమ్మ.

అక్బర్‌బీ లోపలికి పోయి తెచ్చిచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ గడపలో కూర్చుని చాలాసేపు ఏడ్చారట.

మరుసటి వారం ఎమ్మిగనూరు లారీ ఒకటి వస్తుంటే మద్దమ్మ రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపింది. తన కొర్రలోనే తాను కట్టెతో పొడుచుకుంటూ నడిచింది. డ్రైవరు కుర్రవాడు, తొందరలో ఉన్నాడు.

“ఎవురుంటారు లేమ్మా అండ్ల. నువ్వీడనే ఉండావు గదా.”

మద్దమ్మ తలెత్తలేదు.

“ఆ పొద్దు గూడా ఈడనే ఉంటి నాయనా” అంది.