ఒక్కపొద్దు అక్క తెచ్చిన ఆలుగడ్డ సూపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వంట చేసినవాళ్లు ఉప్పు చూసేవారు కాదు. దేవుడికి నైవేద్యం పెట్టకముందే నాలుక మీద వేసుకుంటే ఎంగిలి అయిపోతుందని మా నానమ్మ నియమం. చేతి అంచనాతో వేసేది, మూత పెట్టేది, అంతే. ఆ అంచనా తప్పిందో లేదో తేలేది మా తాతయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే. ఉప్పు సరిపోతే ఆయన తలెత్తకుండా తినేవారు. ఎక్కువైతే మంచినీళ్ల గ్లాసు దగ్గరికి జరుపుకునేవారు. తక్కువైతే కంచం అంచు మీద చూపుడువేలితో ఒక్కసారి తట్టేవారు. వంటింట్లో ఎంత చప్పుడు ఉన్నా ఆ చిన్న టక్కుమనే శబ్దం నానమ్మకు వినిపించేది. ఉప్పు గిన్నె పట్టుకుని వచ్చేది. వాళ్లిద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ల కబుర్లన్నీ ఆ కంచం అంచు మీదే జరిగేవనుకుంటాను.

నేను చదివింది తక్కువ. కానీ కొలతలంటే నాకు మొదటినుంచీ పట్టింపు. ఇప్పటికీ మా వీధిలో ఎవరింట్లో నలుగురికి భోజనాలు పెట్టాల్సి వచ్చినా, ఎంతమందికి ఎంత బియ్యం, ఎంత పప్పు అని నన్నే అడుగుతారు. కాగితం లేకుండా చెబుతాను. ఎవరు నేర్పారని అడిగితే నాకు నేనే అంటాను. ఆ మాట పూర్తిగా నిజం కాదు. కంచం దగ్గర కూర్చుని తాతయ్య వేలునూ నానమ్మ చేతినీ చూస్తూ నేర్చుకున్నదే చాలావరకు.

అప్పుడు మేం చిక్కడపల్లిలో ఒక సందులో వాటాల ఇంట్లో ఉండేవాళ్లం. తాతయ్య ఆఫీసు ఉద్యోగంతో గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా వంటింటి గోడకు ఆనుకుని అవతలి వైపు ఒకటే గది. అందులో ఒక అక్క కిరాయికి ఉండేది. కరీంనగర్ వైపు పల్లె. నారాయణగూడ దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సుగా కొత్తగా చేరింది. తెల్లచీర కట్టుకుని పొద్దున్నే నడిచి వెళ్లేది, సాయంత్రం అలసిపోయి వచ్చేది. గోడ పలచనిది కాబట్టి మా ఇంటి మాటలన్నీ తనకు వినిపించేవి. ఆ కంచం చప్పుడు కూడా.

వానాకాలంలో నానమ్మ జ్వరమని పడుకుంది. మళ్లీ లేవలేదు. అమ్మ అప్పటికి తమ్ముడి కాన్పు కోసం పుట్టింట్లో ఉంది. ఇల్లు చూసుకోవడానికి మా అత్తయ్య వచ్చింది. తాతయ్య ఏడవలేదు. జరగాల్సినవన్నీ దగ్గరుండి చేయించి, వచ్చి వరండాలో పడకకుర్చీలో కూర్చున్నారు. భోజనానికి లేవమంటే ఆకలి లేదన్నారు. మర్నాడూ అదే మాట. కాస్త మజ్జిగ ఇస్తే తాగేవారు, అన్నం కంచం తెస్తే చేత్తో పక్కకు జరిపేవారు.

అత్తయ్య బతిమాలింది. నాన్న కోప్పడ్డారు. వచ్చిన చుట్టాలంతా ఆ కుర్చీ చుట్టూ చేరి తినాలి, తినాలి అని చెప్పినవాళ్లే. ఆయన అందరికీ మర్యాదగా తల ఊపేవారు. తినేవారు కాదు. చెంపలు లోపలికి పోయాయి. హైదర్‌గూడ నుంచి వచ్చిన డాక్టరు నాడి చూసి, ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పడుకోబెట్టి గ్లూకోజు ఎక్కించాల్సి వస్తుందని, ఈ వయసులో అక్కడిదాకా వెళ్లనివ్వద్దని నాన్నతో బయట నిలబడి చెప్పాడు. నేను తలుపు చాటున ఉన్నాను. ఆ రాత్రి నాన్న ఒక్కరే పెరట్లో నిలబడి ముఖం తుడుచుకోవడం చూశాక, తాతయ్య కూడా వెళ్లిపోతారేమోనని నాకు మొదటిసారి భయం వేసింది.

మరుసటి రోజు అక్క డ్యూటీ నుంచి వచ్చి ఒక గిన్నె పట్టుకుని మా గుమ్మం దగ్గర నిలబడింది. మూత సందులోంచి జీలకర్ర, కరివేపాకు పోపు వాసన గుప్పుమంది. అత్తయ్య ఒక్క అంగలో వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఇదేంటమ్మాయ్! పెద్దకర్మ కాకుండా చావింట్లోకి పోపు వాసనేంటి?"

చావు జరిగిన ఇంట్లో పెద్దకర్మ అయ్యేదాకా తాలింపు వేయకూడదని మా వాళ్ల ఆచారం. అక్క ముఖం చిన్నబోయింది. "అయ్యో, మా దిక్కు గంత పట్టింపు లేదమ్మా. తెల్వక తెచ్చిన" అని గిన్నె వెనక్కి తీసుకుపోయింది. ఇక రాదనుకున్నాను. నేను తన వెనకే వెళ్లి చూస్తే, ఆ పోపు పెట్టిన కూర పక్కన పెట్టేసి మళ్లీ ఆలుగడ్డలు తోలు తీస్తోంది.

మా ఇంట్లో బంగాళాదుంపలు అనేవాళ్లం. తన నోటి నుంచి విన్నాక నాకు ఆలుగడ్డలే అయిపోయాయి. ముక్కలు కోసి, నిండుగా నీళ్లు పోసి, మెత్తగా ఉడికించింది. నీళ్లు పారబోయలేదు. ఆ నీళ్లలోనే పప్పుగుత్తితో మెదిపింది. నేను ఇంకా మెదపమన్నాను. "వద్దు బిడ్డా. గడ్డలు కొన్ని మిగలాలె. పూరా నున్నగ చేస్తె రోగం మనిషి తిండి అయితది. తాత రోగం మనిషా?" అంది. కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు చిటికెడు, ఆఖర్న కాసిని పాలు. పోపు లేదు, ఉల్లి లేదు, పసుపు కూడా లేదు. తీసేయగలిగినవన్నీ తీసేస్తే మిగిలిన వంట అది. వాళ్ల వార్డులో ఏమీ తినని పేషెంట్లకు ఇచ్చేది అదేనట. సూపు అంటారని చెప్పింది.

ఈసారి అత్తయ్య గిన్నె వాసన చూసి పక్కకు తప్పుకుంది. అక్క వెళ్లి తాతయ్య కుర్చీకి కాస్త ఎడంగా నేల మీద కూర్చుంది. తినమని అనలేదు.

"తాతా, ఇయ్యాల సోమవారం. నాకు ఒక్కపొద్దు. పొద్దు గూకేదాక నోట్లె ఏం వేసుకోవద్దు. ఇది మా పేషెంటుకు చేసిన. ఉప్పు ఎట్లున్నదో జర చూసి చెప్పుండ్రి."

నానమ్మ పోయాక తాతయ్యను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదలు. అందరూ ఆయనకు చెప్పినవాళ్లే. ఆయన అక్క వంక చాలాసేపు చూశారు. ఆసుపత్రిలో ఎవరో పేషెంటు ఎదురుచూస్తున్నాడు, ఈ పిల్ల ఉపవాసంలో ఉంది, ఉప్పు చూడాల్సింది తనే. మర్యాదస్థుడు, కాదనలేకపోయారు. చెంచా అందుకుని ఒక గుక్క తాగారు. తర్వాత ఆయన వేలు తనంత తానే లేచి గిన్నె అంచు మీద ఒకసారి తట్టింది.

అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. "తక్కువైందిట" అని నేనే చెప్పాను. అక్క కొంగు ముడి విప్పి, చిన్న కాగితం పొట్లంలోంచి చిటికెడు ఉప్పు వేసి కలిపి మళ్లీ ఇచ్చింది. మళ్లీ ఒక చెంచా. మళ్లీ టక్కుమని వేలు. ఇంకొంచెం ఉప్పు. అలా ఉప్పు సరిపోయేసరికి సగం గిన్నె ఖాళీ అయింది. ఎంగిలి చేసిన సూపు పేషెంటుకు ఎలా పెడతాను, మిగతాది కూడా మీరే తాగేయండని అక్క నొచ్చుకున్నట్టు ముఖం పెట్టింది. ఆయన తాగేశారు.

నాకు మాత్రం ఒక సంగతి అంతు పట్టలేదు. ఉప్పు తక్కువని తాతయ్య చెప్పకముందే అక్క కొంగులోకి ఉప్పు పొట్లం ఎలా వచ్చింది?

మంగళవారం ఆంజనేయస్వామి ఒక్కపొద్దు అంది. బుధవారం ఎవరిదో మొక్కు. గురువారం, శుక్రవారం కూడా ఎవరో ఒక దేవుడు ఆదుకున్నాడు. రోజూ అదే సూపు, రోజూ ఉప్పు తక్కువే. "నీకు వారంలో తిండి తినే రోజంటూ ఉందా తల్లీ?" అన్నారు తాతయ్య. నానమ్మ పోయాక ఆయన నోట వచ్చిన మొదటి హాస్యం. అక్క తల వంచుకుని నవ్వాపుకుంది.

శనివారం నాన్న చెయ్యి పట్టుకుని నారాయణగూడ చౌరస్తా దాటుతుంటే బజ్జీల బండి దగ్గర అక్క కనిపించింది. తెల్లచీర మీద పడకుండా ముందుకు వంగి మిరపకాయ బజ్జీ తింటోంది. నాన్న చూసీ చూడనట్టు నిలబడ్డారు. నేను పరిగెత్తి, "అక్కా, ఇవాళ వెంకటేశ్వరస్వామి కదా!" అన్నాను. తను ఉలిక్కిపడి, నా చేతిలో ఒక బజ్జీ పెట్టింది. "తాతకు చెప్పకు బిడ్డా. తినుమంటె తినరు. పని చెప్తె చేస్తరు. మా వార్డుల గంతే" అంది. ఆ బజ్జీ నేను ఇంటిదాకా కొంచెం కొంచెం తింటూ వచ్చాను. పొట్లం సంగతి అప్పుడు అర్థమైంది.

పెద్దకర్మ అయింది. వంటింట్లో మళ్లీ పోపు వేశారు. తాతయ్య మాతో పాటు కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టారు. కొంచెమే, అయినా తినేవారు. అత్తయ్య వాళ్ల ఊరు వెళ్లిపోయింది. సాయంత్రం సూపు మాత్రం మానలేదు. అక్క డ్యూటీ నుంచి వచ్చే వేళకు ఆయన వరండాలోకి వచ్చి కూర్చునేవారు. ఉప్పు చూడటం ఆయనకు ఉద్యోగం అయిపోయింది.

చలికాలం మొదట్లో అక్కకు ఆదిలాబాద్ వైపు ఒక ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వెళ్లే రోజు పొద్దున రిక్షా సందు మొగలో నిలబడి ఉంది, ట్రంకుపెట్టె ఎక్కించారు. అక్క కళ్లు అప్పటికే ఉబ్బి ఉన్నాయి. రైలుకు ఆలస్యమవుతోందని రిక్షా అతను కేకలేస్తుంటే, తను గదిలోంచి గిన్నె పట్టుకుని పరుగున వచ్చింది. ఏ దేవుడి పేరూ చెప్పలేదు. "తాతా, ఆఖరుసారి" అని మాత్రం అంది.

తాతయ్య చెంచాతో ఒక గుక్క తీసుకున్నారు. ఆయన వేలు ఎప్పటిలాగే లేచింది. గిన్నె అంచు దాకా వచ్చింది. అక్కడే గాలిలో కాసేపు ఆగి, చేతిలోకి ముడుచుకుపోయింది.

"సరిపోయింది తల్లీ. ఈసారి కొలత కుదిరింది" అన్నారు.

అక్క ముఖం వెలిగిపోయింది. "అయితె ఇగ నాకు పరేషాన్ లేదు తాతా" అని ఆయన కాళ్లకు దండం పెట్టి, నా బుగ్గ నిమిరి రిక్షా ఎక్కింది. తను కనుమరుగయ్యేదాకా తాతయ్య గుక్క వెంట గుక్క తాగుతూనే ఉన్నారు, తను వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా కనిపించేలా గిన్నె ఎత్తి పట్టుకుని.

రిక్షా మలుపు తిరిగాక నేను గిన్నె అడుగున మిగిలింది వేలితో తీసుకుని నాకాను. ఉప్పు తక్కువ కాదు. అసలు లేదు. ఏడుస్తూ, తొందరలో వేయడమే మరిచిపోయింది. పొట్లం కూడా తేలేదు.

"తాతయ్యా, ఇందులో ఉప్పే లేదు!"

"అరవకు. వినిపిస్తే వెనక్కి వస్తుంది. బండి తప్పిపోతుంది" అన్నారు.

నేను లోపలికి వెళ్తూ వెనక్కి చూశాను. ఖాళీ గిన్నె ఒళ్లో పెట్టుకుని, దాని అంచు మీద చూపుడువేలితో ఒకసారి తట్టారు. ఉప్పు గిన్నె పట్టుకుని ఎవరూ రాలేదు. అప్పుడు ఏడ్చారు తాతయ్య. నానమ్మ పోయిన రోజు ఏడవని మనిషి భుజాలు కదిలేలా ఏడ్చారు. వెళ్లి పక్కన కూర్చోవడం తప్ప నాకేం చేయాలో తెలియలేదు.

ఆ అక్కను మళ్లీ చూడలేదు. తాతయ్య ఆ తర్వాత కొన్నేళ్లు ఉన్నారు. పోయేదాకా మా అమ్మ వంటలో ఉప్పు చూసి చెప్పేవారు.

ఇప్పుడు నేను ఉండేది అశోక్‌నగర్‌లో. పైన గదిలో సర్కారు పరీక్షలకు చదువుకునే ఒక అమ్మాయి ఉంటోంది. మొన్న వాళ్ల నాన్న పోతే ఊరికి వెళ్లి, పరీక్ష దగ్గర పడిందని తిరిగి వచ్చింది. పుస్తకం తెరిచే ఉంటోంది, పేజీ తిరగడం లేదు. పంపిన టిఫిను పంపినట్టే మెట్ల మీద ఉంటోంది. నిన్న సాయంత్రం ఆలుగడ్డలు ఉడికించాను. గడ్డలు కొన్ని మిగిల్చాను. ఉప్పు కావాల్సిన దాంట్లో సగమే వేసి, మిగతాది పొట్లం కట్టి కొంగున ముడి వేసుకున్నాను.

"అమ్మా, బీపీ వచ్చినకాడి నుంచి నా నోటికి ఉప్పు తెలుస్తలేదు. జర చూసి చెప్తవా?" అన్నాను. ఇన్నేళ్లలో నా మాట కూడా అక్క మాటలా మారిపోయింది.

ఆ అమ్మాయి చెంచా నోట్లో పెట్టుకుని, నా ముఖంలోకి చూసి, "సరిపోయింది ఆంటీ" అంది. గిన్నె మెల్లగా పక్కన పెట్టింది.

నేను వేసింది సగమేనని నాకు తెలుసు. కొంగు ముడి విప్పకుండానే మెట్లు దిగి వచ్చాను. ఇవాళ మళ్లీ వెళ్తాను, ఉప్పు ఇంకాస్త తగ్గించుకుని. చాల్లేదని ఆ పిల్ల నోటి వెంట వచ్చేదాకా తగ్గిస్తూనే ఉంటాను. పొట్లం కొంగున ఉంది.